స్పీకర్లలో సౌండ్ లేదు: సీఎస్35ఎల్41 బూస్ట్ టైప్ తెలుసుకోవడం ఎలా?

డెబియన్ లినక్స్, కెర్నల్ 6.12. హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ బ్రహ్మాండంగా వస్తోంది, ల్యాప్‌టాప్ స్పీకర్లలో మాత్రం చప్పుడే లేదు. ఆల్సామిక్సర్‌లో (సౌండ్ లెవెల్స్ మార్చే టూల్) ఏదీ మ్యూట్‌లో లేదు. కోడెక్ (సౌండ్ చిప్) ఏఎల్‌సీ287, ఐ2సీ (చిప్‌లను కలిపే లైన్) మీద రెండు సీఎస్35ఎల్41 యాంప్లిఫయర్లు. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) "ప్లాట్‌ఫామ్ నాట్ సపోర్టెడ్", ఎర్రర్ -22. అంటే యాంప్లిఫయర్లను ఎలా కలిపారో డ్రైవర్‌కు చెప్పే డీఎస్‌డీ వివరాలు బయోస్‌లో లేవన్నమాట. మోడల్ ఆప్షన్లు మార్చినా, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ మళ్లీ వేసినా అంతే.

ఆ వివరాలతో ఎస్‌ఎస్‌డీటీ (బయోస్ టేబుల్‌కు అదనపు టేబుల్) రాసి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే ఫైల్) పెడదామంటే రీసెట్ జీపీఐఓ (చిప్‌ను రీసెట్ చేసే పిన్) వరకు డీఎస్‌డీటీలో (బయోస్ ఇచ్చే ప్రధాన టేబుల్) దొరికింది, బూస్ట్ (యాంప్లిఫయర్‌కు వోల్టేజీ పెంచే సర్క్యూట్) దగ్గర ఆగిపోయా. వేరే మోడళ్లకు వాడే బూస్ట్ విలువలు 1000 నానోహెన్రీ (కాయిల్), 4500 మిల్లీఆంప్ (గరిష్ఠ కరెంట్), 24 మైక్రోఫారడ్ (కెపాసిటర్) గుడ్డిగా పెట్టేస్తే స్పీకర్లు పోతాయేమోనని భయం. బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడిగినా ఈ బోర్డు స్కీమాటిక్ (సర్క్యూట్ డ్రాయింగ్) దొరకలేదు.

స్కీమాటిక్ లేకుండా, బూస్ట్ ఇంటర్నలా ఎక్స్‌టర్నలా అన్నది బోర్డు చూసి ఎలా తేల్చుకోవాలి?