పొగాకు గోడౌన్‌కి ఫైర్ పెయింట్ కొడితే సరిపోతుందా?

టంగుటూరు రైతు:
అన్నలారా, ఒక సలహా కావాలి. పొగాకు బేళ్లు పెట్టుకోడానికి గోడౌన్ వేస్తున్నాం, ఇనుప స్తంభాలు, ట్రస్సులు, పైన రేకులు. ఎండ దిగకుండా రేకుల కింద థర్మాకోల్ వేయమంటున్నారు. వెల్డింగ్ చేసే ఆయనేమో రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా ముందు కొట్టే ప్రైమర్) మీద ఫైర్ పెయింట్ కొడితే చాలు, ఇనుము ఎలాగూ కాలదు కదా అంటున్నాడు. నిజమేనా? ఏడాది కష్టమంతా అందులోనే ఉంటుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు సైట్ ఇంజనీర్:
కాలదు గానీ మెత్తబడుతుంది తమ్ముడూ. 550 డిగ్రీలకు వచ్చేసరికి ఇనుము బలం దాదాపు సగం పోతుంది, ట్రస్సు వంగిపోయి రేకులతో సహా కూలుతుంది. ఫైర్ పెయింట్ మంటను ఆర్పదు, ఆ కూలడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. వేడి తగిలితే పొంగి బొగ్గులాంటి మందపాటి పొర కడుతుంది, దాంతో ఇనుము నిదానంగా వేడెక్కుతుంది. గంట, రెండు గంటలు ఆగుతుందని రాస్తారు చూడు, అది వాళ్లు చెప్పిన మందంలో కొడితేనే. సన్నటి యాంగిళ్లు, పైపులు తొందరగా వేడెక్కుతాయి కాబట్టి వాటికి ఇంకా మందంగా కావాలి, ఖర్చంతా అక్కడే. కింద ఏ ప్రైమర్ ఉండాలో కంపెనీ కాగితంలో ఉంటుంది, రెడ్ ఆక్సైడ్ కొట్టకముందే చూసుకో. ఆరాక గేజ్ పెట్టి మందం కొలిపించు, దానికి ఒప్పుకోని పెయింటర్‌కి పని ఇవ్వొద్దు.

గూడూరు మేస్త్రి:
స్తంభాల వరకు వర్మిక్యులైట్ ప్లాస్టర్ కూడా అడిగి చూడండి. మా వైపు అభ్రకం గనుల్లో దొరికే ఖనిజమే, బాగా వేడి చేస్తే పొరలు విడిపోయి ఎన్నో రెట్లు పొంగుతుంది. దాన్ని సిమెంటుతోనో జిప్సంతోనో కలిపి, మెష్ కట్టి పూస్తారు. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరే, అదంతా ఆవిరయ్యేదాకా వెనక ఇనుము పెద్దగా వేడెక్కదు. కాకపోతే లారీ తగిలితే ఈ ప్లాస్టర్ రాలిపోతుంది, అందుకని కింద నాలుగడుగులు కాంక్రీట్ చుట్టించండి.

కందుకూరు నుంచి:
ముందు ఆ థర్మాకోల్ ఆపండి దయచేసి! అంటుకుంటే కరిగి మండుతూ బేళ్ల మీదే పడుతుంది, కింద ఎంత మంచి పెయింట్ ఉన్నా ఏం లాభం? రాక్ వూల్ వేయండి, రాయిని కరిగించి తీసిన పీచు, ఎండనూ ఆపుతుంది, మంటకూ అంటుకోదు.

టంగుటూరు రైతు:
థర్మాకోల్ వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను అన్నా. మధ్యలో ఇటుక గోడ కట్టి రెండు భాగాలు చేద్దామని నాన్న అంటున్నారు, పనికొస్తుందా?

ఒంగోలు సైట్ ఇంజనీర్:
చాలా మంచి ఆలోచన. తొమ్మిదంగుళాల గోడ, రేకుల దాకా ఖాళీ లేకుండా కట్టండి. వైర్లు దాటే రంధ్రాలు ఫైర్ సీలెంట్‌తో మూయించు, తలుపు మాత్రం చెక్కది పెట్టొద్దు.