చొప్ప పొడి కొట్టించి పెట్టినప్పటి నుంచి దూడలు నెమరు వేయడం లేదు

తాడిపత్రి రైతు:
అందరికీ నమస్తే. మాంసానికి మేపడానికి ఐదు దున్నపోతు దూడలు తెచ్చాను. జొన్నచొప్ప, చెనిక్కట్టె (వేరుశనగ కట్టె) ఇంటివే, దాణాకి మొక్కజొన్న పిండి, తవుడు, కొంచెం నూనె తీసిన చెక్క. చొప్ప సగం కాళ్ల కింద తొక్కి పాడు చేస్తున్నాయని మూడు వారాల కింద మిషన్‌లో సన్న జల్లెడ వేయించి చొప్పా కట్టే అంతా పొడి కొట్టించి దాణాలో కలిపేశాను. వేస్ట్ పోయింది నిజమే, కానీ ఇప్పుడు ఒకరోజు గంప ఖాళీ చేస్తాయి, మర్నాడు ముట్టవు, పేడ పలచగా బుడగలతో పడుతోంది, మధ్యాహ్నం పండుకున్నప్పుడు ఒక్కటీ నోరు ఆడించడం లేదు. అదే చొప్ప, అవే కిలోలు, పీచు ఏమీ తగ్గించలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు:
అన్నా, పీచు తగ్గలేదు, దాని పొడవు పోయింది. కడుపులో చొప్ప ముక్కలు పరుపులా తేలుతూ లోపలి గోడకు రాసుకుంటేనే పశువుకు నెమరు వస్తుంది, నెమరు వేస్తేనే లాలాజలం బాగా ఊరుతుంది. పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్ల పైనే ఊరుతుంది, మనం వాడే వంటసోడా లాంటి గుణం అందులోనే ఉంది. మొక్కజొన్న పులిసినప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరిచేది అదే. నెమరు ఆగితే కడుపులో 6కు పైన ఉండాల్సిన పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 5.5 దగ్గరికి దిగి, పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. ఒకరోజు తిని ఒకరోజు మానేయడం సరిగ్గా దీని లక్షణమే. పైగా పొడి కడుపులో నిలవకుండా తొందరగా దిగిపోతుంది, మీ చొప్ప సగం అరగకుండానే పేడలో పోతున్నట్టు.

గుత్తి:
చెనిక్కట్టెను పొడి చేయకపోయినా ఆకు దానంతట అదే నలిగిపోతుంది కానీ, నెమరుకు ఆ కట్టె చాలదా?

కర్నూలు, పశువైద్యం:
చాలదు. కట్టెలో మాంసకృత్తులు వరిగడ్డి కంటే చాలా ఎక్కువ, ఆకు వదలొద్దు, మట్టి మాత్రం దులపండి. నమిలించే పని జొన్నచొప్పదే. 1.18 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచిన మేతనే నమిలించే పీచుగా లెక్కిస్తారు, మీ పొడిలో ఎక్కువ భాగం దాని గుండా జారిపోతుంది. అలాగని నిలువు చొప్ప వేస్తే ఆకు ఏరుకుని కాడ వదిలేస్తాయి. చాఫ్ కట్టర్‌లో అంగుళం నుంచి రెండు అంగుళాలకు కోసి, కాస్త నీళ్లు చల్లి కలపండి. మొక్కజొన్న పిండిగా కాదు, రవ్వగా పట్టించండి. ఇప్పుడు దాణా తగ్గించి, ముందు చొప్ప తిన్నాకే పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. వంటసోడా కొంత సాయం చేస్తుంది, చొప్పకు బదులు కాదు. ఎడమ డొక్క ఉబ్బినా, పళ్లు కొరుకుతున్నా ఇంట్లో ఏదీ తాగించకుండా వెంటనే డాక్టర్‌ని పిలవండి.

తాడిపత్రి రైతు:
పది రోజులైంది. కోసిన చొప్ప మొదలుపెట్టాక నాలుగు దూడలు నెమరు వేస్తున్నాయి, కూర్చుని లెక్కపెట్టాను, ముద్దకు యాభై సార్లకు పైనే నములుతున్నాయి. ఐదోదానికి పేడ ఇంకా పలచగానే ఉంది, కుంటుతోంది కూడా.

కర్నూలు, పశువైద్యం:
కుంటుతుంటే ఆగొద్దు, ఆమ్లం దెబ్బ గిట్టలకూ తగులుతుంది. దాన్ని విడిగా కట్టి, దాణా పూర్తిగా ఆపి చొప్ప, నీళ్లే ఇవ్వండి, రేపు పొద్దునే డాక్టర్‌కి చూపించండి.