ముద్దాయి, నిందితుడు, దోషి: ఎవరిని ఎప్పుడు ఏమనాలి?

ప్రశ్న:
ఒక వార్తలో ఒకే మనిషిని శీర్షికలో ‘హంతకుడు’, కింద ‘నిందితుడు’, చివర్లో ‘ముద్దాయి’ అని రాశారు. అరెస్టయి రెండు రోజులే అయింది. ఈ మాటలకు తేడా ఉందా, లేక ఏది తోస్తే అది రాసేయొచ్చా? ముద్దాయి అసలు మన మాటేనా అండీ?

జవాబు (న్యాయవాది):
చివరిదానితో మొదలుపెడతాను. ముద్దాయి అరబ్బీ మాట, ఉర్దూ నడిచిన కోర్టు కచేరీల మీదుగా మనకొచ్చింది. తమాషా ఏమిటంటే అక్కడ ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఎవరిమీద వేశారో అతను ‘ముద్దాలేహ్’. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని ఉర్దూ సామెత కూడా ఉంది: ఫిర్యాదీ నీరసంగా ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడట! తెలుగులోకి వచ్చేసరికి వాది కాస్తా బోనెక్కాడు. పలకడానికి బరువైన ‘ముద్దాలేహ్’ తోక తెగి ఇలా అయిందేమోనని నా ఊహ.

ఇక తేడా. అనుమానం మాత్రమే ఉంటే అనుమానితుడు. ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కితే నిందితుడు. కోర్టు ముందుకొస్తే మేం ముద్దాయి అంటాం. నేరం రుజువైందని జడ్జి తీర్పు చెప్పాకే దోషి. హంతకుడు, కామాంధుడు లాంటివి కోర్టు మాటలు కావు, కోపం మాటలు.

జవాబు (పత్రిక డెస్కులో పనిచేసినవారు):
నామవాచకం దగ్గర మేమంతా జాగ్రత్తపడతాం, క్రియ దగ్గర జారిపోతాం. ‘నిందితుడు భార్య గొంతు నులిమి చంపి, ఏమీ ఎరగనట్టు పనికి వెళ్లాడు.’ చంపాడని మనమే తేల్చేశాక ఇంకా నిందితుడనడం ఎందుకు? తెలుగులో ‘అట’ అని చక్కటి ప్రత్యయం ఉంది. ‘చంపాడట’ అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు అని వినేవాడికి ఇట్టే తెలుస్తుంది. అచ్చులో పెడితే పుకారులా ఉంటుందని కొట్టేస్తారు. ‘అని పోలీసులు చెబుతున్నారు’ అని వాక్యం వాక్యానికీ రాస్తే చోటు చాలదంటారు. చివరికి పోలీసుల కథనం మా కథనమైపోతుంది.

ఇంకోటి. జేబుదొంగ కేసైతే ‘దొంగ దొరికాడు’. పెద్దమనిషి కేసైతే ‘ఆరోపణలు ఎదుర్కొంటున్న ఫలానా గారు’. చట్టం ముందు ఇద్దరూ నిందితులే.

ఇంకొకరు:
నేరం ఒప్పుకున్నాడని పోలీసులే చెప్పాక కూడా ఈ మర్యాదలు ఎందుకండీ? ఇది మరీ చాదస్తం.

జవాబు (న్యాయవాది):
పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ అదే, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షనూ అదే. ‘నేరం అంగీకరించిన నిందితుడు’ అని శీర్షిక పెడితే కోర్టులో చెల్లని ముక్కను లక్షలమందికి రుజువుగా చూపించినట్టే.

చాదస్తమంటారా? 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. అప్పటికి విచారణే మొదలుకాలేదు, అయినా ఆ రోజు చాలామంది నోట వచ్చింది ‘దోషులు’ అనే. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని తేల్చింది. 2024 నవంబర్ 13న బుల్డోజర్ల కేసులోనూ సుప్రీంకోర్టు, నిందితుడైనంత మాత్రాన ఒకరి ఇల్లు కూల్చే హక్కు అధికారులకు లేదని చెప్పాల్సి వచ్చింది. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో 2022 చివరికి మన జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద తీర్పే రాలేదు. ఊళ్లో మాత్రం అందరూ ‘జైలుకెళ్లొచ్చినోళ్లే’.

ప్రశ్న (మొదట అడిగినవారు):
మరి కేసు కొట్టేశాక ఏమనాలి? బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద, అంటే నేరం చేశాడా లేదా అన్న అనుమానం మిగిలిపోయి బయటపడితే?

జవాబు (న్యాయవాది):
నిర్దోషి. ‘సాక్ష్యాలు చాలక బయటపడ్డ నిందితుడు’ అని రాయడం కొందరికి సరదా. ఏ కారణంతో కొట్టేశారో వార్తలో రాయండి, తప్పులేదు. మనిషిని మాత్రం నిర్దోషి అనే రాయాలి.