ఏసీ వేడిగాలి కొడుతోంది: మళ్ళీ గ్యాస్ కొట్టించాలా, డాష్‌బోర్డ్ విప్పించాలా?

మియాపూర్_పాతబండి
2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు. నిరుడు ఏప్రిల్‌లో గ్యాస్ కొట్టిస్తే ఎండాకాలమంతా చల్లగానే ఉంది. ఈ మే వచ్చేసరికి మళ్ళీ వేడిగాలి. పాత షెడ్డతను "గ్యాస్ తగ్గింది సార్, కొట్టేద్దాం" అంటున్నాడు. ఇంకోచోట చూపిస్తే లోపల కూలింగ్ కాయిల్ లీకు, డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి అన్నారు. వాళ్ళు చెప్పిన డబ్బుతో ఏడెనిమిది ఎండాకాలాలు గ్యాస్ కొట్టించుకోవచ్చు. బండి మహా అయితే ఇంకో మూడేళ్ళు ఉంచుతాను. ఏం చేయమంటారు?

లీకు_ముందు
గ్యాస్ ఏమైనా పెట్రోలా అండీ, వాడితే అయిపోవడానికి? కంప్రెసర్, కండెన్సర్, కాయిల్, మళ్ళీ కంప్రెసర్. అందులోనే తిరుగుతుంది. గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఊరిపోవడం వేరు, ఏడాదికే వేడిగాలి రావడం వేరు. ఏటా గ్యాస్ కొట్టడం షెడ్డువాళ్ళకి పింఛను లాంటిది. పైగా ఈ కారు ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్, బరువుకి బరువు చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు వేడి పెంచుతుంది. తెలిసి తెలిసి దాన్ని గాలిలోకి వదలడమేంటి?

ఉప్పల్_క్యాబ్
అన్నా, భూమి సంగతి తర్వాత, ముందు జేబు సంగతి చూడు. 2024 ఏప్రిల్‌ల ఇదే హైదరాబాద్‌ల మా క్యాబోళ్ళు "నో ఏసీ" అని కూసున్నరు. ఎందుకు? కిలోమీటరుకు వచ్చే పైసలు ఏసీ ఖర్చుకే సాలుతలేవని. మూడేళ్ళల్ల అమ్మే బండికి డాష్‌బోర్డ్ ఎవడన్న ఇప్పిస్తడా? ఇప్పినంక క్లిప్పులు ఇరుగుతయ్, గుంతల రోడ్డు మీద కిటకిట మోగుతనే ఉంటది. గ్యాస్ కొట్టించి ఎల్లిపో.

గేజ్_మనిషి
ఏసీ పనే నాది, అందుకని చెప్తున్నా. మీరిద్దరూ కొట్లాడుకుంటున్నారు సరే, అసలు గ్యాసే తగ్గిందని ఎవరు చూశారు?

సార్, బండిని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఓసారి తోలండి. అక్కడ చల్లగా వచ్చి పంజాగుట్ట సిగ్నల్లో ఆగగానే వేడెక్కితే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడండి. ఫ్యూజో రిలేనో పోయి ఉంటుంది, లేదా కండెన్సర్ రెక్కల నిండా దుమ్ము. గాలి చల్లగానే ఉండి సన్నగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్. బానెట్ ఎత్తి ఏసీ వేస్తే కంప్రెసర్ ముందు ప్లేటు టక్కుమని అంటుకుని తిరగాలి. తిరగకపోతే కరెంటు సంగతి కూడా చూడాలి.

ప్రెషర్ గేజులు రెండు: ఒకటి కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు (లో సైడు), ఒకటి బయటికి పోయే వైపు (హై సైడు). ఇంజిన్ నడుస్తుండగా పెట్టాలి. రెండు వైపులా తక్కువుంటే గ్యాస్ తక్కువ. లో సైడు ఎక్కువ, హై సైడు తక్కువ ఉంటే కంప్రెసర్ నీరసించింది. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ కొట్టారు, లేదా కండెన్సర్‌కి గాలి ఆడట్లేదు. కొందరు బండి ఆపేసి గేజు పెట్టి "ప్రెషర్ ఉంది, గ్యాస్ ఫుల్" అంటారు. నమ్మొద్దు. 35 డిగ్రీల్లో లోపల 200 గ్రాములున్నా 400 ఉన్నా, కాస్త ద్రవం మిగిలి ఉన్నంతసేపు అది 115 పీఎస్‌ఐ దగ్గరే నిలబడుతుంది. ఎంత ఉందో తెలియాలంటే మెషీన్‌తో మొత్తం లాగి తూకం వేయాల్సిందే. ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద చూడండి.

మియాపూర్_పాతబండి
చూపించాను. ఓఆర్ఆర్ మీద కూడా వేడిగాలే. గేజులు రెండూ తక్కువ. స్టిక్కర్ మీద 400 గ్రాములు, మెషీన్ లాగింది 210. నిరుడు గ్యాస్‌తో పాటు డై (లీకు పట్టించే రంగు) కూడా వేశారట. యూవీ లైటు కొడితే ఏసీ నీళ్ళు కారే పైపు చివర పచ్చగా మెరిసింది.

లీకు_ముందు
ఇంకేం కావాలి? ఆ పైపు కాయిల్ కింది నుంచే వస్తుంది. కాయిల్ లీకు ఖాయం. విప్పించండి.

ఉప్పల్_క్యాబ్
కాయిలే కానియ్. ఏడాదికి సగం పోయింది, అంతే కదా. ఈ ఎండాకాలం ఎల్లిపోతది.

లీకు_ముందు
గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా పోతుంది. రేపు కంప్రెసర్ పట్టేస్తే ఎవరిస్తారు? ఇంకో మాట. తక్కువ ధరకి కొట్టే గ్యాసులో వంట గ్యాసు రకం కలిపినవి ఉంటాయి. అది మంటంటుకునే సరుకు. మీ లీకు ఉన్నది బానెట్ కింద కాదు, మీ పిల్లలు కూర్చునే క్యాబిన్లోకి.

గేజ్_మనిషి
ఈ చివరి మాట మాత్రం నిజం సార్, కొట్లాటకి అన్నది కాదు. నింపాలనుకుంటే సీలున్న డబ్బా మీ ఎదుటే తెరిపించండి. అరగంట వ్యాక్యూమ్ పెట్టించి తూకంతో 400 గ్రాములే వేయించండి, పోయినంత పీఏజీ ఆయిల్ (కంప్రెసర్ ఆయిల్) కూడా. "లీకు మూసే మందు" పోస్తానంటే వద్దనండి, సన్న దారులు మూసుకుపోతాయి.

నన్నడిగితే, ఏడాదికి సగం పోయే లీకుకి ఈసారి నింపుకోవచ్చు. నెలకే పోతుంటే నేనైతే నింపను, డబ్బులిచ్చినా సరే.

లీకు_ముందు
ఒప్పుకోను. ఈ లీకు వచ్చే ఏడు ఇంతే ఉంటుందని రాసిస్తారా?

గేజ్_మనిషి
రాసివ్వను సార్. అందుకే నాలుగు నెలలకి మళ్ళీ తూకం వేయించమంటాను. తగ్గడం పెరిగితే అప్పుడు విప్పించండి. విప్పినప్పుడు కాయిల్‌తో పాటు ఎక్స్‌పాన్షన్ వాల్వు, డ్రయ్యరు, ఓ-రింగులు కూడా మార్పించేయండి. వాల్వు కోసం మళ్ళీ అదే డాష్‌బోర్డ్ విప్పితే మజూరీ రెండోసారి కట్టాలి.