వైజాగ్ మిట్టలకి సొంతంగా కట్టే ఈ-స్కేట్‌బోర్డు: ఏ మోటార్, ఏ పుల్లీలు?

మిట్టదారి

అందరికీ నమస్కారం. లాంగ్‌బోర్డుకి మోటార్లు బిగిద్దామనుకుంటున్నాను. నా బరువు 75 కేజీలు, బోర్డు, బ్యాటరీ కలిపి ఇంకో 10. చక్రాలు 90 మి.మీ. యూరెథేన్, ట్రక్ హ్యాంగర్ (చక్రాల ఇరుసు ఉండే కడ్డీ) 180 మి.మీ. బ్యాటరీ 10ఎస్4పీ (సిరీస్‌లో 10, ప్యారలల్‌లో 4), శాంసంగ్ 30క్యూ సెల్స్. బీచ్ రోడ్డు చదునే గానీ, మా ఇల్లు మిట్ట మీద. ఆ చివరి ముక్క 10 శాతం వాలు ఉంటుంది. గంటకి 35 కి.మీ. వేగం వస్తే చాలు.

ఒక్క 6374 (63 మి.మీ. వ్యాసం, 74 మి.మీ. పొడవు) మోటార్‌తో సరిపెట్టాలా, రెండు చిన్నవి పెట్టాలా? కేవీ (వోల్టుకి ఎన్ని ఆర్‌పీఎం) తగ్గేకొద్దీ టార్క్ (తిప్పే బలం) పెరుగుతుందంటున్నారు కదా, 190 బదులు 140 తీసుకుంటే మిట్ట తేలిగ్గా ఎక్కుతుందా? పుల్లీలు 15/36 (మోటార్‌కి 15 పళ్లు, చక్రానికి 36) వేయాలా, 12/36 వేయాలా? తర్వాత ఎప్పుడైనా 150 మి.మీ. గాలి టైర్లు వేసుకోవాలని కూడా ఉంది.

పళ్లచక్రం

ముందు వేగం లెక్క చూద్దాం. 190 కేవీని మీ బ్యాటరీ సగటు 36 వోల్టులతో గుణిస్తే 6840 ఆర్‌పీఎం. 15/36 అంటే 2.4 రెట్ల తగ్గింపు, కాబట్టి చక్రం దగ్గర 2850. 90 మి.మీ. చక్రం చుట్టుకొలత 0.283 మీటర్లు. గంటకి 48 కి.మీ. వస్తుంది, అదీ లోడ్ లేనప్పుడు. మనిషి ఎక్కాక అందులో 85 శాతం అనుకోండి, 41. అదే 140 కేవీతో 35 వచ్చి, రోడ్డు మీద 30 దగ్గర ఆగిపోతుంది.

ఇక కేవీ, టార్క్ సంగతి. అందరూ అనే మాటే గానీ సగమే నిజం. 140 అయినా 190 అయినా 6374 సైజులో ఇనుమూ అయస్కాంతాలూ దాదాపు ఒకటే. 140లో తీగ సన్నగా, చుట్లు ఎక్కువగా ఉంటాయి. ఆంపియర్‌కి టార్క్ 190లో 0.050 న్యూటన్ మీటర్లు, 140లో 0.068. అయితే చుట్లు పెరిగేసరికి తీగ నిరోధం కూడా పెరుగుతుంది. చివరికి అదే టార్క్‌కి రెండూ అంతే వేడెక్కుతాయి. లాభమల్లా కంట్రోలర్‌కి, తక్కువ ఆంపియర్లతో పని జరిగిపోతుంది కాబట్టి. మిట్ట ఎక్కే బలం కావాలంటే పుల్లీల దగ్గర తెచ్చుకోవాలి, లేదంటే మోటార్ సైజు పెంచాలి.

12 పళ్ల పుల్లీ మాత్రం వద్దు. హెచ్‌టీడీ 5ఎం పిచ్‌లో (పంటికీ పంటికీ 5 మి.మీ.) దాని వ్యాసం 19 మి.మీ. 8 మి.మీ. షాఫ్ట్ రంధ్రం పోగా గ్రబ్ స్క్రూ (పుల్లీని షాఫ్ట్‌కి బిగించే చిన్న స్క్రూ) పట్టుకోవడానికి మరలే మిగలవు. పైగా బెల్ట్‌లో 5 పళ్లకి మించి దానికి చిక్కవు. 15 పళ్ల పుల్లీకి 6 చిక్కుతాయి, బెల్ట్ పూర్తి బలం ఇవ్వాలంటే కనీసం అన్ని ఉండాలి. 12 వేసి బ్రేకు గట్టిగా పట్టారో, బెల్ట్ టకటకమంటూ పళ్లు దాటేస్తుంది.

రెండుమోటార్లు

పై లెక్కకి మిట్ట లెక్క కలుపుతున్నాను. 85 కేజీలు, 10 శాతం వాలు: గురుత్వాకర్షణకే 83 న్యూటన్లు కావాలి, రోడ్డు రాపిడికి ఇంకో 15. రమారమి 100. మీ 190 కేవీ, 15/36, 90 మి.మీ. చక్రంతో, బెల్ట్ నష్టం పోగా, ఆంపియర్‌కి 2.4 న్యూటన్లు వస్తాయి. అంటే ఒక్క మోటార్ అయితే మిట్ట పొడుగునా 40 ఆంపియర్ల పైనే లాగాలి. రెండైతే చెరో 20. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక్కో మోటార్ మీద వేడి నాలుగో వంతే.

అందుకే రెండు 6354లు తీసుకోండి. 180 హ్యాంగర్ మీద రెండు 6374లు పక్కపక్కన పట్టించడం నరకం, మౌంట్ ప్లేట్లు కలిపితే వైరు పోయే సందు కూడా మిగలదు. ఇంకోటి, బీచ్ రోడ్డు అంచుల్లో ఇసుక ఉంటుంది. ఒక్క చక్రానికే మోటార్ ఉంటే బ్రేకు కూడా ఆ ఒక్కదానికే, ఇసుక మీద అది జారిందంటే అంతే సంగతులు.

హాల్ సెన్సర్లు (మోటార్ ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి) ఉన్న మోటార్లే కొనండి. అవి లేకపోతే మిట్ట మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు మోటార్ కొట్టుకుంటుంది తప్ప కదలదు.

వెస్క్‌మెకానిక్

మీ ఇల్లు మిట్ట మీద అన్నారు. అంటే ఇంట్లో ఫుల్ ఛార్జ్ చేసి బయటికి రాగానే మొదటి పని దిగడం, బ్రేకు పట్టడం. ఈ విషయం ఎవరూ పట్టించుకోరు, దెబ్బలు తగిలేది ఇక్కడే. బ్యాటరీ 42 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు రీజెన్ కరెంట్ (బ్రేకు పట్టినప్పుడు మోటార్ నుంచి తిరిగి వచ్చేది) వెళ్లడానికి చోటుండదు. బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఆ దారిలోనే ఉంటే టక్కున తెంపేస్తుంది, బ్రేకు మాయం, వోల్టేజీ ఎగిరి కంట్రోలర్ కూడా పోవచ్చు. బీఎంఎస్‌ని బైపాస్ చేస్తే సెల్స్ 4.2 వోల్టులు దాటతాయి. 41 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆపండి, కొంచెం రేంజ్ పోతే పోయింది.

30క్యూ సెల్‌కి గరిష్ఠ ఛార్జింగ్ 4 ఆంపియర్లు. 4పీకి 16. రెండు వెస్క్‌లు (మోటార్ కంట్రోలర్లు) కాబట్టి ఒక్కోదానిలో బ్యాటరీ రీజెన్ మైనస్ 7 ఆంపియర్లు పెట్టండి, కాస్త వెసులుబాటు ఉంటుంది. మోటార్ మ్యాక్స్ 45, బ్యాటరీ మ్యాక్స్ 25 చాలు. పాత 4.12 వెస్క్ బోర్డు అయితే ఎఫ్‌ఓసీ (మోటార్‌ని చప్పుడు లేకుండా నున్నగా తిప్పే మోడ్) జోలికి పోకండి, అందులో డ్రైవర్ చిప్ కాలిపోతుంది. దానికి ఈఆర్‌పీఎం (ఆర్‌పీఎంని పోళ్ల జతలతో గుణించినది) హద్దు 60,000. 14 పోళ్ల మోటార్‌కి 42 వోల్టుల దగ్గర 55,860 వస్తుంది, పర్లేదు. అదే 190 కేవీతో 12ఎస్‌కి వెళ్తే 67,000, హద్దు దాటినట్టే.

పళ్లచక్రం

గాలి టైర్ల గురించి చెప్పడం మర్చిపోయాం. 150 మి.మీ. టైరుకి 15/36 అలాగే ఉంచితే కాగితం మీద 80 వేగం, మిట్ట మీద మాత్రం లాగే బలం 40 శాతం తగ్గుతుంది. 15/60 వేస్తే సరిగ్గా ఇప్పటి వేగం, ఇప్పటి బలమే ఉంటాయి. బెల్ట్ పొడవూ మౌంటూ మారతాయి కాబట్టి ఇప్పుడే కొనిపెట్టుకోకండి.

మిట్టదారి

అందరికీ థాంక్స్ అండి. అయితే రెండు 6354, 190 కేవీ, 15/36, 15 మి.మీ. వెడల్పు బెల్ట్. పొడవు 265 తీసుకోవాలా, 270 తీసుకోవాలా?

రెండుమోటార్లు

మీ మౌంట్ స్లాట్ చూడండి. ఇరుసు నుంచి మోటార్ షాఫ్ట్‌కి మధ్య దూరం 66.6 మి.మీ. అయితే 265, 69.2 అయితే 270, 72 దాకా జరిగితే 275. స్లాట్ మధ్యలో కూర్చునేది తీసుకుంటే సాగినప్పుడు బిగించడానికి జాగా ఉంటుంది. వేలితో నొక్కితే రెండు మూడు మి.మీ. దిగాలి. అంతకంటే బిగిస్తే మోటార్ బేరింగ్ వేడెక్కి రేంజ్ తింటుంది. గ్రబ్ స్క్రూ కూర్చునే చోట షాఫ్ట్‌ని చదునుగా అరగదీసి, లాక్‌టైట్ 243 (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, రాత్రంతా వదిలేయండి. 36 పుల్లీ అంచుకీ రోడ్డుకీ మధ్య 15 మి.మీ. మాత్రమే ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర దిగి నడవడమే.