వెనక్కి తిప్పుకుంటే ఆట ఆడినట్టేనా?

చివరిసీటు

మా బాబాయి కొడుక్కీ నాకూ వారం రోజులుగా ఒకటే గొడవ. మీరే తేల్చండి.

నేను నింటెండో వాళ్ల చేతి గేమ్ యంత్రం స్విచ్ లైట్‌లో ఫైర్ ఎంబ్లెమ్ త్రీ హౌసెస్ అనే ఆట ఆడుతున్నాను. బ్లూ లయన్స్ జట్టు వైపు, హార్డ్ స్థాయి, క్లాసిక్ పద్ధతి. ఈ రకం ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గడులు గీసిన మైదానం ఉంటుంది, ఒకసారి మన వంతు, ఒకసారి వాళ్ల వంతు. చదరంగంలా అనిపిస్తుంది గానీ ఇక్కడ ప్రతి పావుకీ ఓ పేరు, ఓ గొంతు, ఓ కథ ఉంటాయి. క్లాసిక్‌లో మనవాళ్లెవరైనా పడిపోతే ఇక అంతే, తర్వాతి యుద్ధాలకు ఉండరు. క్యాజువల్ పెట్టుకుంటే యుద్ధం అయ్యాక లేచి వచ్చేస్తారు. వీటికి తోడు డివైన్ పల్స్ అని ఒకటుంది. తప్పు ఎత్తు వేశామనిపిస్తే కాలాన్ని వెనక్కి తిప్పి, కావలసిన చోటి నుంచి మళ్లీ ఆడుకోవచ్చు. మొదట్లో యుద్ధానికి 3 సార్లు ఇస్తారు, తర్వాత పెంచుకోవచ్చు.

నేను రోజూ మియాపూర్ నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్తాను. మొన్న అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు మధ్యలో స్లీప్‌లో పెట్టాను. రెండో రైల్లో నిలబడి మళ్లీ తెరిచేసరికి ఎవరు ఎక్కడున్నారో సగం మర్చిపోయాను. ఇంగ్రిడ్‌ని, అంటే రెక్కల గుర్రం మీద తిరిగే అమ్మాయిని, ముందుకు తోశాను. అవతల విలుకాడు కాచుకుని ఉన్నాడు. ఎగిరేవాళ్లకు బాణమంటే యమపాశమే. ఒక్క దెబ్బకు పోయింది. పల్స్ వాడి వెనక్కి తెచ్చుకున్నాను.

తమ్ముడికి చెబితే "అన్నయ్యా, అది వెనక పేజీలో జవాబు చూసుకుని లెక్క చేసినట్టు" అన్నాడు. ఇలా ముక్కలు ముక్కలుగా ఆడుకునేవాడికి ఆ మాత్రం వెసులుబాటు కూడా ఉండకూడదా?

పాతబ్యాటరీ

తమ్ముడిదే రైటు.

నేను మొదట ఆడింది ఇదే సిరీస్‌లోని పాత ఆట, ది సేక్రెడ్ స్టోన్స్. మామయ్య దుబాయ్ నుంచి గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ తెచ్చారు. అప్పటికి ఇంగ్లిష్ వెర్షన్ వచ్చి ఏడాది అయ్యుంటుంది, 2005లో వచ్చింది కదా. అందులోనూ మీ ఇంగ్రిడ్ లాంటి పిల్ల ఉంది, వెనెస్సా. నాలుగైదు యుద్ధాలు కాకుండానే బాణం తిని పోయింది. ఎగిరేది ఆమె ఒక్కతే. నీళ్లు అడ్డొస్తే దాటేవాళ్లు లేరు.

ఏం చేశానంటారు? రాస్ అని ఓ కుర్రాడు ఉంటాడు, గొడ్డలి పట్టుకోవడం కూడా సరిగ్గా రానివాడు. ఎవరూ పట్టించుకోరు వాణ్ని. వాడికి చావబోయే శత్రువులను అప్పజెప్పి, చివరి దెబ్బ వాడితోనే కొట్టించి, లెవెల్ 10కి తెచ్చి పైరేట్‌ని చేశాను. పైరేట్లు నీళ్లమీద నడుస్తారు. వెనెస్సా చేయాల్సిన పని రాస్ చేశాడు. ఆమె బతికి ఉంటే నేను వాణ్ని బెంచీ మీదే కూర్చోబెట్టేవాణ్ని. అది నా ఆట, నా ఒక్కడి ఆట. మీ పల్స్ వాడితే అందరి ఆటా ఒకేలా ముగుస్తుంది, అందరూ బతికే ఉంటారు.

అర్ధరాత్రి ఆటగాడు

పాతబ్యాటరీ గారూ, ఒక్కటే అడుగుతాను, గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. వెనెస్సా ఒక్కతే పోయిందా మీ ఆట మొత్తంలో? మిగతావాళ్లు పోయిన ప్రతిసారీ గేమ్‌బాయ్ ఆపి, అధ్యాయం మొదటి నుంచి ఆడలేదూ?

పాతబ్యాటరీ

ఆడాను. లెక్కలేనన్ని సార్లు. కానీ దానికి ఓ వెల ఉండేది. సేవ్ అధ్యాయం చివర్లోనే. మధ్యలో ఆపితే ఆగినచోటి నుంచే మొదలవుతుంది తప్ప ఓ ఎత్తు వెనక్కి పోనివ్వదు. పైగా తగలడం తగలకపోవడం కూడా అక్కడే రాసిపెట్టి ఉంటుంది, ఆపి తెరిచి అదే దెబ్బ కొడితే అదే ఫలితం. కాబట్టి ఒకణ్ని బతికించుకోవాలంటే 40 నిమిషాలు మళ్లీ ఆడాలి. ఆ 40 నిమిషాల భయం ఉంటేనే కళ్లు తెరిచి ఆడతాం.

అర్ధరాత్రి ఆటగాడు

అదీ! అంటే మీరూ వెనక్కి తిప్పారు, చివరిసీటు గారూ తిప్పారు. మీరు 40 నిమిషాలు కట్టారు, ఆయన 40 సెకన్లు కట్టారు. తేడా నీతిలో లేదు, ధరలో ఉంది.

అప్పుడు మనకు వేసవి సెలవులు. రోజుకు 40 నిమిషాలేంటి, 4 గంటలు పారేసినా అమ్మ తిట్టడం తప్ప పోయేదేమీ లేదు. ఇప్పుడు నాకు రాత్రి పదకొండున్నరకు పిల్లలు పడుకున్నాక దొరికేదే 40 నిమిషాలు. ఇవాళ అది రీసెట్‌కు పోతే ఇవాళ నేను ఆడనట్టే. రెండు రోజులు అలా అయితే డబ్బా మూసి అటకెక్కిస్తాను. ఎక్కించాను కూడా, ఒకసారి ఏడాదిన్నర.

సన్నజాజి

గేమ్‌బాయ్ కాలంలో దొంగదారులు లేనట్టు మాట్లాడుతున్నారు. మనిషిని కదిపేటప్పుడు బాణం గుర్తు గీతను కావాలని వంకరటింకరగా తిప్పితే, దెబ్బ తగలాలా వద్దా తేల్చే లోపలి అంకెలు ఖర్చయిపోయి, తర్వాతి దెబ్బ ఫలితం మారేది. మా అన్నయ్య కూర్చుని పది నిమిషాలు అదే పని.

లెక్కలమాస్టారు

ఈ చర్చలో అందరూ అదృష్టం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఓ మాట.

ఆటలో "90" అని చూపిస్తే నూటికి 90 సార్లు తగులుతుందనుకుంటాం. కాదు. 2002 నాటి ది బైండింగ్ బ్లేడ్ నుంచి ఈ సిరీస్‌లో ఎక్కువగా వాడిన పద్ధతి వేరు, త్రీ హౌసెస్‌లోనూ అదే. 0 నుంచి 99 లోపు ఒకటి కాదు, రెండు అంకెలు తీస్తుంది. వాటి సగటు తెరమీది అంకె కంటే తక్కువైతే దెబ్బ తగిలినట్టు.

దీనివల్ల ఏమవుతుందో అష్టాచెమ్మా ఆడినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాలుగు గవ్వలు వేస్తే రెండు పడటం మామూలు, చెమ్మా అరుదు, అష్టా అరుదు. గవ్వలు కలిసేకొద్దీ ఫలితం మధ్యకు జరుగుతుంది. ఇక్కడా అంతే. తెరమీద 90 ఉంటే నిజానికి 98 దాకా తగులుతుంది. 75 ఉంటే 87 పైమాటే. 30 అని చూపించింది 18 మాత్రమే. సాధారణంగా మనం కొట్టే అవకాశం ఎక్కువ, మనకు తగిలే అవకాశం తక్కువ ఉండేలా చూసుకుంటాం కాబట్టి, ఈ అబద్ధం మొత్తంగా మనకు అనుకూలం.

కాబట్టి ఈ ఆటల్లో మనిషి చనిపోతే దురదృష్టం అనడానికి పెద్దగా వీల్లేదు. నూటికి 90 సార్లు మన తప్పే. (ఈ 90 మాత్రం నా అంచనా, రెండు అంకెల సగటు కాదు.)

అటువైపు కూడా ఓ మాట చెప్పాలి. త్రీ హౌసెస్‌లో పల్స్‌తో వెనక్కి వెళ్లి అదే దెబ్బ అదే వరసలో కొడితే అదే ఫలితం వస్తుంది. అంటే పాచిక మళ్లీ వేయించుకోవడం కుదరదు. ఎత్తు మార్చాల్సిందే. జవాబు చూసి రాసుకోవడమన్న తమ్ముడి పోలిక అంత సరిగ్గా అతకదు. తప్పని తెలుస్తుంది, ఒప్పేదో ఎవరూ చెప్పరు.

నీలిగుర్రం

నేను క్యాజువలే ఆడతాను, సిగ్గేం లేదు. నింటెండో 3డిఎస్‌లో ఫైర్ ఎంబ్లెమ్ అవేకెనింగ్ వచ్చినప్పుడు మొదలుపెట్టాను. క్యాజువల్ లేకపోతే మొదటి వారమే వదిలేసేదాన్ని. నాకు ఈ ఆటల్లో ఇష్టం వాళ్ల మధ్య మాటలు. ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి పోరాడిస్తే స్నేహం పెరిగి కొత్త సంభాషణలు వస్తాయి కదా, దానికోసం ఆడతాను. ఎవరో ఒకరు పోతే ఆ మాటలూ పోతాయి.

ఇంకో సంగతి. అవేకెనింగ్ ముందు ఈ సిరీస్ అమ్మకాలు పడిపోయి, ఇది కూడా 2.5 లక్షలు దాటకపోతే ఆపేద్దామన్న పరిస్థితి వచ్చిందని తయారుచేసినవాళ్లే చెప్పారు. అది 10 లక్షలు ఎప్పుడో దాటేసింది. మీలాంటి శూరుల కోసమే చేసుంటే ఇవాళ మీరు గొడవపడటానికి త్రీ హౌసెస్ ఉండేది కాదు.

పాతబ్యాటరీ

బాగుంది, సిరీస్‌ని కాపాడినందుకు దండం. అలాగైతే యుద్ధాలు తీసేసి సీరియల్ చేయమనండి, మాటలే మాటలు.

నీలిగుర్రం

మీ రాస్ కథ చెప్పినప్పుడు మీరు చేసిందేమిటి? అదీ సీరియలే. మీకు చావులోంచి కథ పుట్టింది, నాకు మాటల్లోంచి.

పాతబ్యాటరీ

…సరే. ఇది ఒప్పుకుంటాను. సీరియల్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

సన్నజాజి

వెనక్కి తీసుకున్నారు 😄 పల్స్ వాడారండోయ్!

సింహాచలం మెట్లు

నేను వేరే ఊరివాణ్ని, అంటే టాక్టిక్స్ ఓగర్ అనే ఇలాంటి ఇంకో ఆట వాణ్ని. 1995లో నింటెండో సూపర్ ఫామికామ్‌లో వచ్చింది, నేను ఆడింది సోనీ చేతి యంత్రం పిఎస్‌పిలో వచ్చిన కొత్త రూపం. చేత్తో పట్టుకుంటే లోపల డిస్క్ గిర్రున తిరగడం తెలిసేది.

అందులో రెండూ ఉన్నాయి చూడండి. చావు ఉంది: ఒక్కొక్కరికీ మూడు గుండెలు, పడిపోయాక తలమీద లెక్క సున్నాకొచ్చేలోగా లేపకపోతే ఒక గుండె పోతుంది, మూడూ పోతే మనిషి పోయినట్టే. వెనక్కి తిప్పడమూ ఉంది: చారియట్ అని, ఏకంగా 50 వంతుల వరకూ. ఎన్నిసార్లైనా.

నేను దాన్ని బాగా వాడాను. ఎలా అంటే, చదరంగంలో ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని "ఇక్కడ గుర్రం బదులు ఏనుగు కదిపి ఉంటే?" అని ఎత్తులు తిరగేస్తారు కదా, అలా. గెలిచిన యుద్ధంలోనే పది వంతులు వెనక్కి వెళ్లి, మంత్రగాణ్ని గోడమీదికి ఎక్కిస్తే ఏమవుతుందో చూసేవాణ్ని. ఎత్తు మీద నుంచి బాణం ఎంత దూరం పోతుందో నాకు అలాగే వంటబట్టింది. పుస్తకం చదివి కాదు.

చావు భయంతో ఆడేవాళ్లను కూడా చూశాను. సేక్రెడ్ స్టోన్స్‌లో సేథ్ అని మొదటి నుంచీ ఉండే బలమైన యోధుడు ఉంటాడు. వాణ్ని ముందు నిలబెట్టి, మిగతావాళ్లందరూ వెనకాల బస్టాండులో జనంలా నిలబడతారు. అన్నీ సేథే చంపుతాడు. ఎవరూ చావరు, ఎవరూ ఎదగరు. భయం మనిషిని కళ్లు తెరిచి ఆడిస్తుందన్నారు పాతబ్యాటరీ గారు. నా అనుభవంలో ముడుచుకుని ఆడేలా చేస్తుంది.

పాతబ్యాటరీ

సేథ్ సంగతి నిజం. నేనూ మొదట అదే చేశాను.

అయినా 50 వంతులు, ఎన్నిసార్లైనా అంటే నాకు మింగుడుపడదు. లెక్క ఉండాలి. ఇదే సిరీస్‌లోని ఎంగేజ్‌లో చూడండి, నార్మల్‌లో ఎన్నిసార్లైనా తిప్పుకోవచ్చు, హార్డ్‌లోకి వెళ్తే 10 సార్లే. 10 అనగానే అదీ ఆటలో దెబ్బలు మాన్పే మందు సీసాలాంటిది అవుతుంది, ఇప్పుడు వాడాలా, చివర్లో రాజు దగ్గర వాడాలా అని ఆలోచిస్తాం. అలా ఉంటే నాకు అభ్యంతరం లేదు. అది ఆటలో భాగమే.

(నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో చెప్పనా? సేక్రెడ్ స్టోన్స్ రెండోసారి కొన్నది నకిలీ క్యాసెట్. కొట్టు పేరు చెప్పను. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, ఓ రోజు పొద్దున్న తెరిస్తే సేవ్ లేదు. రాస్, సేథ్, అందరూ ఒకేసారి. దానికి ఏ పల్సూ లేదు.)

లెక్కలమాస్టారు

చివరిసీటు గారూ, మీ కేసుకే వస్తాను. ఒకటి అర్థం కాలేదు. త్రీ హౌసెస్‌లో మన మనిషిని ఓ గడిలో పెట్టబోతుంటే, అక్కడ ఉంటే ఏ శత్రువు తన మీదికి వస్తాడో ఎర్ర గీత గీసి చూపిస్తుంది. విలుకాడు ఎక్కడున్నాడో మర్చిపోవచ్చు. గీత కనబడకుండా ఎలా పోతుంది?

చివరిసీటు

పట్టేశారు.

గీత కనబడింది. విలుకాడి నుంచి సరిగ్గా ఇంగ్రిడ్ మీదికి. తగిలే అవకాశం అరవైల్లో ఏదో ఉంది, తప్పించుకుంటుందిలే అనుకున్నాను. అప్పటికే రాయదుర్గం వస్తోందని ప్రకటన వినబడుతోంది. దిగేలోపు ఆ వంతు ముగించేయాలని తొందర. అమీర్‌పేటలో మర్చిపోవడం నిజమే గానీ, ఆమెను చంపింది అది కాదు.

లెక్కలమాస్టారు

అరవైల్లో అంటే నిజానికి దాదాపు డెబ్బై, ఆ పైన. తప్పించుకోవడం కష్టమే.

అర్ధరాత్రి ఆటగాడు

ఇంకేం, హ్యాండ్‌హెల్డ్ తప్పు, మెట్రో తప్పు అన్నది పోయింది. కానీ నా సలహా ఒకటి తీసుకోండి: ఆపాల్సి వస్తే శత్రువుల వంతు అయిపోయి, మన వంతు మొదలయ్యేచోట ఆపండి. సగం మందిని కదిపాక మూస్తే తెరిచినప్పుడు ఎవరి ప్లాన్ ఏమిటో గుర్తుండదు. స్టేషన్ వచ్చేస్తోందని "వంతు ముగించు" నొక్కొద్దు. స్లీప్ ఉన్నదే అందుకు.

పాతబ్యాటరీ

ఇంతకీ ఇంగ్రిడ్ ఏమైంది?

చివరిసీటు

బతికే ఉంది, రెండు గడుల వెనక. కానీ ఇదంతా చదివాక ముందుకు ఆడబుద్ధి కావడం లేదు. పల్స్ వాడినచోటే ఆపేసి పెట్టాను. ఆదివారం తమ్ముడు ఇంటికొస్తాడు. స్విచ్ వాడి చేతికిచ్చి, ఇంకా రెండు పల్స్‌లు మిగిలున్నాయని చెప్పకుండా, అక్కణ్నుంచి ఆడమంటాను.

సన్నజాజి

ఆదివారం రాత్రికల్లా ఇక్కడ రాయాలి. మొదట పోయేది ఇంగ్రిడే అని నా పందెం.