‘హార్డ్విక్ హాల్, మోర్ గ్లాస్ దేన్ వాల్’: తెలుగులో ఎలా అందాం?

ప్రశ్న: ఇంగ్లండులోని డర్బీషైర్‌లో, గుట్ట మీద హార్డ్విక్ హాల్ ఉంది. ష్రూస్‌బరీ కౌంటెస్ ఎలిజబెత్ (బెస్ అంటేనే అందరికీ తెలుస్తుంది) 1590లలో కట్టించుకున్న ఇల్లు. నమూనా రాబర్ట్ స్మిత్‌సన్‌ది. గాజు బాగా ఖరీదైన ఆ రోజుల్లో ముఖభాగమంతా కిటికీలే పెట్టించింది. పైన రాసిన, హాల్–వాల్ ప్రాసతో నడిచే మాట అలా పుట్టిందే. ‘గోడల కన్నా గాజులెక్కువ’ అని రాసుకున్నాను, ఏదో తేడాగా ఉంది.

జవాబు: ఆ తేడా ‘లు’లో ఉందండీ. గాజు అంటే పదార్థం, గాజులు అనగానే చేతులు కళ్ల ముందుకొస్తాయి. ఏకవచనమే ఉంచండి. ‘అద్దం’ కూడా వద్దు, ముఖం చూసుకునే అద్దం అడ్డొస్తుంది.

మరో జవాబు: నా పేచీ ‘హాల్’తో. మనకు హాలంటే ఇంట్లో ముందు గది. అక్కడ ఒకప్పుడు ఇంటిల్లిపాదీ, నౌకర్లతో సహా, కూర్చుని తినే పెద్ద గది హాల్. ఆ గది పేరే ఇంటి పేరైంది. దీనికి ‘మేడ’ అనాలంటాను. అంతస్తులు ఉన్నాయని మాత్రమే కాదు. మన ఊళ్లలో ‘మేడ మీదికి రండి’ అంటే పైకి రమ్మని కదా. హార్డ్విక్‌లో కూడా గౌరవమంతా పైనే: రాణిగారి స్థాయి అతిథుల కోసం సిద్ధం చేసిన గొప్ప గదులు, ఆ పొడవాటి గ్యాలరీ, అన్నీ పై అంతస్తులోనే. అందుకే కిటికీలు కింద చిన్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ ఎత్తు పెరుగుతాయి. బయట నిలబడి కిటికీలు చూస్తే చాలు, ఏ అంతస్తు ఎవరిదో తెలిసిపోతుంది.

అడిగినవారు: మేడ–గోడ! ప్రాస కూడా కుదిరింది. ఇలా రాస్తే?
హార్డ్విక్ మేడ,
చూడ గాజే, ఏదీ గోడ?

జవాబు: చెవికి హాయిగా ఉంది. కానీ ‘ఏదీ గోడ’ దగ్గర నేను ఒప్పుకోలేను. అసలులో ఉన్నది ‘కన్నా ఎక్కువ’ మాత్రమే, గోడ లేదనలేదు. ఉంది, లోపల ఉంది. మందమైన అడ్డగోడలు ఇంటి నడుమ బరువు మోస్తున్నాయి, పొగగొట్టాల్లో చాలావాటినీ ఆ లోపలి గోడల్లోకే తీసుకున్నారు. అందువల్లే బయటి గోడను అంతగా గాజుకు వదిలేయగలిగారు. స్మిత్‌సన్ పనితనమంతా కంటికి కనబడని ఆ గోడలోనే ఉందని నా నమ్మకం. దాన్ని మాటలో చెరిపేస్తే మనసొప్పదు. ఇలా చూడండి:
హార్డ్విక్ మేడ,
గాజు కన్నా తక్కువే గోడ.

అడిగినవారు: ‘తక్కువే’లోని ఆ ‘ఏ’ కోసమే ఇన్నాళ్లూ వెతికానండీ. ఇదే రాసుకుంటున్నాను.